భారతీయుల్లో ఇంత శాతం ఫలానా దేశాన్ని ముప్పు అనుకుంటున్నారు అనే సర్వేలను ఎంతవరకు నమ్మొచ్చు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: 2025లో ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే అమెరికా సర్వే సంస్థ చేసిన సర్వే పేరుతో ఒక బొమ్మ మీకు వచ్చింది. మన దేశానికి అతి పెద్ద ముప్పు ఏ దేశమని అడిగితే భారతీయుల్లో 41 శాతం పాకిస్తాన్ అనీ, 33 శాతం చైనా అనీ చెప్పారని అందులో ఉంది. రెండు మూడు వేల మందిని అడిగి నూట నలభై కోట్ల మంది మాట ఎలా చెబుతారు, మా ఊళ్లో ఎవరినీ అడగలేదు కదా, ఇంకో సర్వేలో ఇంకో అంకె ఉంది, ఏది నమ్మాలి అంటున్నారు.

సూటిగా చెప్తాను. ఆ అంకెలు నమ్మదగ్గవే. దేశం మొత్తానికి ఒక అంచనా రావడానికి రెండు మూడు వేల మంది చాలు. కాకపోతే ఆ బొమ్మ కింద జనం రాసుకునే వ్యాఖ్యల్లో సగానికి ఆ సర్వేలో ఆధారం లేదు. ఒక సర్వే అంకెని ఇంకో సంస్థ సర్వే అంకె పక్కన పెట్టి పోల్చడం మాత్రం దాదాపు ఎప్పుడూ తప్పే.

ముందు తేదీల సంగతి. 25 దేశాల్లో ఆ సర్వే జరిగింది 2025 జనవరి 8 నుంచి ఏప్రిల్ 26 మధ్య. ఫలితాలు బయటికొచ్చింది జులైలో. పహల్గాం దాడి ఏప్రిల్ 22న, ఆపరేషన్ సిందూర్ మే 7న. జులైలో ఆ బొమ్మ చూసినవాళ్లు 41 శాతాన్ని సిందూర్ తర్వాతి కోపం అనుకున్నారు. ఆ నాలుగు రోజుల ఘర్షణ మొదలయ్యేనాటికే ప్రశ్నలు అడగడం అయిపోయింది. ఏ సర్వే బొమ్మ చూసినా విడుదల తేదీ పక్కన పెట్టి, ప్రశ్నలు అడిగిన తేదీలు వెతకండి. అవి లేని బొమ్మని పట్టించుకోవద్దు.

ఇక "మా ఊళ్లో ఎవరినీ అడగలేదు" అన్నదానికి. 2024 ఎన్నికలకు ముందు మన ఓటర్ల సంఖ్య దాదాపు 97 కోట్లు. 2023లో ప్యూ మన దేశంలో అడిగింది 2,611 మందిని. అంటే సుమారు 3.7 లక్షల మందికి ఒకరు. 2025 సర్వేలోనూ దాదాపు అంతమందే అనుకుని లెక్కేద్దాం. మీ మండలం మొత్తంలో ఒక్కరిని కూడా అడిగి ఉండకపోవడమే మామూలు విషయం.

అంకె ఎంత అటూ ఇటూ ఊగుతుందో కాగితం మీదే లెక్కేసుకోవచ్చు. ఒకటిని శాంపిల్ సంఖ్య (అంటే అడిగిన మనుషుల సంఖ్య) వర్గమూలంతో భాగిస్తే దోష పరిధి, అంటే అంకె అటూ ఇటూ ఊగే మేర, దగ్గరదగ్గరగా వస్తుంది. వెయ్యి మందికి 3 శాతం పైన, 2,611 మందికి 2 శాతం లోపు. గమనించండి, ఈ లెక్కలో దేశ జనాభా ఎక్కడా రాలేదు. పది కోట్ల దేశమైనా నూట నలభై కోట్ల దేశమైనా వెయ్యి మంది శాంపిల్‌కి అదే పరిధి.

అయితే ఈ సూత్రం చీటీలు తీసినట్టు మనుషుల్ని ఎంచుకున్నప్పుడే సరిగ్గా సరిపోతుంది. ఇంటింటికీ తిరిగే సర్వేలో అలా కుదరదు. ముందు రాష్ట్రాలు, పట్టణం, పల్లె అని విడగొట్టి, అందులో ఊళ్లు ఎంచుకుని, ఊరికి పది పన్నెండు ఇళ్ల చొప్పున అడుగుతారు. ఒకే వీధిలో వాళ్ల అభిప్రాయాలు కొంత ఒకేలా ఉంటాయి కాబట్టి పరిధి పెరుగుతుంది. మన దేశంలో ఇలాంటి సర్వేలకు ఒకటిన్నర రెట్లు వేసుకుంటే సురక్షితం. అలా వేసినా 2,611 మందికి 3 శాతం దగ్గరే ఉంటుంది. కాబట్టి 41కీ 33కీ మధ్య ఉన్న 8 పాయింట్ల తేడా నిజమైన తేడాయే. అదే రెండు ఏళ్ల సర్వేల మధ్య 3 పాయింట్లు మారితే "పెరిగిన ద్వేషం" అని శీర్షిక పెట్టే పత్రికని నమ్మక్కర్లేదు. రెండు అంకెలూ ఊగుతాయి కాబట్టి తేడా ఊగే పరిధి ఇంకా ఎక్కువ, 4 పాయింట్ల పైమాటే.

"తెలుగువాళ్లు ఏమంటున్నారు" అన్నది ఈ సర్వేల్లోంచి తీయకండి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో 7 శాతం. 2,611లో 7 శాతం అంటే 180 మంది చిల్లర. వాళ్ల మీద పరిధి 7 శాతం పైన, ఒకటిన్నర రెట్లు వేస్తే 11. తెలంగాణ, ఆంధ్ర విడదీస్తే ఇంకేమీ మిగలదు. "ఏపీలో 52 శాతం, తెలంగాణలో 44 శాతం" లాంటి పోస్టు కనపడితే అది కల్పితమో, లెక్క రానివాళ్ల పనో.

ఎంతమందిని అడిగారన్నదాని కంటే ఎవరిని అడిగారన్నది పెద్ద ప్రశ్న. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) మూతి దగ్గర కాయ ఒక్కటే చూసి ధర కట్టే వ్యాపారి ఉండడు. మూతి దగ్గర మంచి రంగు కాయ పెట్టి లోపల తాలు కాయ దాచడం కొత్త కాదు కాబట్టి చెయ్యి లోపలికి పెట్టి చూస్తారు. ఆన్‌లైన్ సర్వేలకు ఈ చిక్కుంది. మ్యూనిక్ భద్రతా సదస్సు ఏటా విడుదల చేసే మ్యూనిక్ సెక్యూరిటీ ఇండెక్స్‌లో భారత్‌ది కూడా వెయ్యి మంది ఆన్‌లైన్ శాంపిల్. అలాంటి ఫారం నింపేది నెట్ బాగా వాడే, ఎక్కువగా పట్టణాల్లో చదువుకున్నవాళ్లు. జర్మనీలో ఆన్‌లైన్ వెయ్యి మందికీ మన దేశంలో ఆన్‌లైన్ వెయ్యి మందికీ చాలా దూరం. వాళ్ల దగ్గర అది టిక్కీ లోపలి దాకా కొంత వెళ్తుంది, మన దగ్గర మూతి దగ్గరే ఆగిపోతుంది. ఏటా వచ్చే, 2025లో వంద దేశాల పేరుతో వచ్చిన డెమోక్రసీ పర్సెప్షన్ ఇండెక్స్ కూడా ఆన్‌లైన్‌దే. 2025లో చైనా మీద నికర అభిప్రాయం (మంచి అన్నవాళ్ల శాతంలోంచి చెడు అన్నవాళ్ల శాతం తీసేస్తే మిగిలేది) ప్లస్ 14, అమెరికా మీద మైనస్ 5 అని ప్రపంచమంతా తిరిగింది అదే. దిశ తెలుసుకోవడానికి పనికొస్తుంది. "ప్రపంచ ప్రజల తీర్పు" అనడానికి పనికిరాదు.

అబ్జర్వర్ రీసెర్చ్ ఫౌండేషన్ అనే ఢిల్లీ పరిశోధన సంస్థ 2021లో చేసిన విదేశాంగ విధాన సర్వేలో అడిగింది 14 నగరాల్లోని 18 నుంచి 35 ఏళ్ల వాళ్లు 2,037 మందిని. మంచి సర్వే, తాము ఎవరిని అడిగామో దాచలేదు కూడా. వార్తల్లోకి వచ్చేసరికి మాత్రం "నగర యువత" అన్న మాట ఎగిరిపోయి "భారతీయులు" మిగిలింది.

వరల్డ్ ఎకనామిక్ ఫోరం రిస్క్ నివేదిక అసలు ప్రజాభిప్రాయమే కాదు. అందులో అడిగేది నిపుణుల్ని, కంపెనీ పెద్దల్ని. 2024లో "తప్పుడు సమాచారం ముప్పు అత్యధికంగా ఉన్న దేశం భారత్" అని తిరిగిన చార్టు వ్యాపార సంస్థల అధికారుల అభిప్రాయం మీద కట్టింది. దాన్ని ప్యూ అంకెల పక్కన పెట్టడమంటే జిల్లా కలెక్టర్ల అభిప్రాయాన్ని పింఛనుదారుల అభిప్రాయంతో పోల్చడమే.

ఇప్పుడు ప్రశ్న సంగతి. ఇక్కడే ఎక్కువ తేడాలొస్తాయి, ఇక్కడే జనం తక్కువ చూస్తారు.

41, 33 అంకెలు వచ్చింది జాబితా ఇవ్వకుండా అడిగిన ప్రశ్నకి. సర్వే చేసే మనిషి దేశాల పేర్లు చదవడు. నోటికొచ్చిన దేశం చెప్పాలి. ఇలా అడిగితే ఒక దేశం పేరే పైకొస్తుంది, రెండోది కిందికి పోతుంది. అదే "చైనా పెద్ద ముప్పా, చిన్న ముప్పా, ముప్పే కాదా" అని విడిగా అడిగి, తర్వాత పాకిస్తాన్ గురించీ విడిగా అడిగితే రెండూ ఇంతకంటే బాగా పెద్ద అంకెలే వస్తాయి. కాబట్టి 33 శాతం చూసి "మూడింట రెండొంతుల మంది భారతీయులకు చైనా అంటే లెక్కలేదు" అనుకుంటే పొరపాటు. కెనడా చూడండి. అదే సర్వేలో కెనడావాళ్లలో 59 శాతం అతి పెద్ద ముప్పు అమెరికా అన్నారు, 55 శాతం అతి ముఖ్యమైన మిత్రదేశం కూడా అమెరికాయే అన్నారు. కలిపితే వంద దాటుతుంది, అంటే కొందరు రెండు ప్రశ్నలకీ అమెరికా పేరే చెప్పారు. ఇది లెక్క తప్పు కాదు. పక్కింటి పెద్ద రైతుతో చేను గట్టు పంచుకున్నవాడిని అడిగినా ఇలాంటి జవాబే వస్తుంది.

దేశాల పేర్లు కాకుండా వాతావరణ మార్పు, ఉగ్రవాదం లాంటి ముప్పుల జాబితా చదివి అడిగే ప్రశ్నల్లో ఇంకో చిక్కు. జాబితాలో లేనిది ఎప్పటికీ మొదటి స్థానానికి రాదు. 2017లో ప్యూ చేసిన 38 దేశాల సర్వేలో ఐసిస్ అనే ఉగ్రవాద సంస్థని పెద్ద ముప్పు అన్నవాళ్లు 62 శాతం, వాతావరణ మార్పుని అన్నవాళ్లు 61. 2022లో 19 దేశాల్లో వాతావరణ మార్పు 75, ఆన్‌లైన్‌లో తప్పుడు సమాచారం 70. 2025లో 25 దేశాల్లో తప్పుడు సమాచారం 72 శాతంతో పైకొచ్చింది, వాతావరణ మార్పు 67. వరసగా చదివితే ప్రపంచం మనసు మారిపోయినట్టు ఉంటుంది. కానీ దేశాల జాబితా మారింది, ముప్పుల జాబితా మారింది. ఒకే దేశంలో, ఒకే ప్రశ్నకి వచ్చిన జవాబుల్ని ఏళ్లవారీగా పెట్టి చూస్తేనే మార్పు తెలుస్తుంది.

ఆ 72 శాతం కూడా "ప్రపంచంలో 72 శాతం మంది" కాదు. అది మధ్యగతం. 25 దేశాల అంకెల్ని చిన్నదాని నుంచి పెద్దదాకా వరసలో నిలబెడితే పదమూడోది. హంగరీకి ఎంత విలువో భారత్‌కీ అంతే. పైగా ఆ 25లో చైనా లేదు, రష్యా లేదు, పాకిస్తాన్ లేదు.

తెలుగు ప్రశ్నావళి ఎలా తయారవుతుందో కూడా చెప్పాలి. ఇంగ్లీషులో ఉన్న "థ్రెట్" అన్న మాటకి తెలుగులో ఏం పెడతారు? "బెదిరింపు" అంటే ఎవరో నోటితో భయపెట్టడం. అంటువ్యాధి ఎవరినీ బెదిరించదు. "ప్రమాదం" అంటే బస్సు బోల్తా గుర్తొస్తుంది. చివరికి "ముప్పు" దగ్గర ఆగుతారు. అది సరైన మాటే. చిక్కు కొలబద్దలో వస్తుంది. పెద్ద ముప్పు, చిన్న ముప్పు, ముప్పు కాదు అని మూడు చదివితే, తెలుగు చెవికి "చిన్న ముప్పు" అన్నది ఇమడదు. ముప్పు అన్నాక అందులో చిన్నదేమిటి? ఆ మాటలోనే బరువుంది. దాంతో మధ్య గడి ఖాళీ అయి జనం ఆ చివరికో ఈ చివరికో పోవచ్చు. హిందీ "ఖత్రా" అంత బరువు మోయకపోతే, హిందీలో అడిగిన చోట మధ్య గడి నిండొచ్చు. అభిప్రాయంలో తేడా లేకపోయినా అంకెలో తేడా రావచ్చు. నన్నడిగితే "కొంతవరకు ముప్పు" అని పెట్టాలి.

దీన్ని పట్టుకోవడానికి తిరుగు అనువాదం చేస్తారు. ఒకరు ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మారిస్తే, మూలం చూడని ఇంకొకరు తెలుగు నుంచి ఇంగ్లీషులోకి తిప్పుతారు. రెండు ఇంగ్లీషులూ పోలుస్తారు. "చిన్న ముప్పు" ఈ పరీక్షలో చక్కగా పాసైపోతుంది, ఎందుకంటే తిప్పితే అదే ఇంగ్లీషు మాట వస్తుంది. దొరికేది పది పదిహేను మందిని కూర్చోబెట్టి "ఈ ప్రశ్న మీ మాటల్లో చెప్పండి" అని అడిగినప్పుడే. ఖర్చు, సమయం అని ఎక్కువగా కోసేసేది ఈ మెట్టునే.

"వాతావరణ మార్పు" ఇంకా కష్టం. ఈ వారం వానకీ, యాభై ఏళ్ల ధోరణికీ మనం వాడేది ఒక్క "వాతావరణం" అన్న మాటే. "శీతోష్ణస్థితి" పాఠ్యపుస్తకం దాటి బయటికి రాలేదు. రైతుని అడిగితే "అవునండీ, ఈసారి తొలకరి లేటయింది, పెద్ద ముప్పే" అంటారు. జవాబు నమోదవుతుంది, కానీ ఆయన జవాబిచ్చింది వేరే ప్రశ్నకి. "ఇతర దేశాల నుంచి సైబర్ దాడులు" అంటే ఓటీపీ అడిగి ఖాతా ఖాళీ చేసిన ఫోన్ కాల్ గుర్తొస్తుంది.

గుమ్మం దగ్గర ఏం జరుగుతుందో కూడా ఊహించుకోండి. నియమం ప్రకారం ఇంట్లో పెద్దవాళ్లందరి పేర్లూ రాసి, ట్యాబ్ ఎవరిని ఎంచితే వాళ్లనే అడగాలి. కోడలి పేరు వచ్చింది. "నాకేం తెలుసండీ ఆ దేశాల సంగతి, మా ఆయన్ని అడగండి" అంటుంది. ఇక్కడ రెండు తప్పులకు వీలుంది. సర్వే చేసే మనిషి సరే అని ఆయన్నే అడిగేయడం ఒకటి. ఆవిడనే అడుగుతున్నా పక్కన కుర్చీ వేసుకుని ఆయన జవాబులు అందించడం రెండోది. మొదటిదాన్ని పట్టుకోవడానికి ఇంటర్వ్యూ ముక్కలు రికార్డు చేస్తారు, కొన్ని ఇళ్లకి తిరిగి ఫోన్ చేసి ఎవరు మాట్లాడారో కనుక్కుంటారు, ఇరవై నిమిషాల ప్రశ్నావళి ఏడు నిమిషాల్లో అయిపోతే పక్కన పడేస్తారు. రెండోదానికి మందు లేదు.

ఎంచిన మనిషి ఇంట్లో లేకపోతే ఇంకో పూట, ఇంకో రోజు రావాలి. రాకుండా పక్కింటికి వెళ్లిపోతే పగలు ఇంట్లో ఉండేవాళ్లే శాంపిల్ నిండా చేరతారు. తర్వాత వెయిట్లు వేసి సరిచేస్తారు. ఉదాహరణకి వందలో 60 మంది మగవాళ్లు, 40 మంది ఆడవాళ్లు దొరికారనుకుందాం. మగవాళ్లలో సగం, ఆడవాళ్లలో 30 శాతం చైనా పేరు చెప్పారు. అలాగే కూడితే 42. ఇద్దర్నీ సగం సగం చేస్తే 40. వయసు, చదువు, ప్రాంతం మీద కూడా ఇలాగే సరిచేస్తారు. కానీ దొరికిన ఆడవాళ్లంతా ఉద్యోగం చేసేవాళ్లే అయితే ఏ వెయిటూ ఇంట్లో ఉండేవాళ్ల మాటని పుట్టించలేదు.

"తెలియదు" అన్న గడి తప్పక చూడండి. మన దేశంలో విదేశాంగ ప్రశ్నలకి అది పెద్దగానే ఉంటుంది, పల్లెల్లో, ఆడవాళ్లలో, తక్కువ చదువుకున్నవాళ్లలో మరీను. 35 శాతం మంచి అభిప్రాయం, 35 శాతం చెడు అభిప్రాయం, 30 శాతం తెలియదు అన్న ఫలితాన్ని "మూడో వంతుకే మంచి అభిప్రాయం" అనీ రాయొచ్చు, "చెప్పగలిగినవాళ్లలో సగం మందికి మంచి అభిప్రాయం" అనీ రాయొచ్చు. రెండూ అబద్ధం కాదు. ఆన్‌లైన్ ఫారాల్లో చాలాసార్లు ఈ గడే ఉండదు, ఏదో ఒకటి నొక్కితేనే తర్వాతి పేజీ వస్తుంది. అందుకే ఇంటింటి సర్వేనీ ఆన్‌లైన్ సర్వేనీ పక్కపక్కన పెట్టొద్దనేది.

జవాబు చెప్పడానికే భయపడే చోట్ల సంగతి వేరు. రష్యాలో లెవాడా సెంటర్ అనే స్వతంత్ర సంస్థని అక్కడి ప్రభుత్వం 2016లో "విదేశీ ఏజెంటు"గా ముద్ర వేసింది. ఇంకా సర్వేలు చేస్తోంది. యుద్ధానికి మద్దతిస్తారా అని గుమ్మంలో అడిగితే ఎంతమంది నిజం చెబుతారు? దీనికి ఒక ఉపాయం ఉంది. సగం మందికి మూడు మామూలు వాక్యాలిచ్చి "వీటిలో ఎన్నింటితో ఏకీభవిస్తారు, ఏవో చెప్పక్కర్లేదు, సంఖ్య చాలు" అంటారు. మిగతా సగానికి అవే మూడూ, యుద్ధం గురించిన వాక్యం ఒకటి కలిపి నాలుగు ఇస్తారు. మొదటి గుంపు సగటు 1.6, రెండో గుంపు సగటు 2.2 వచ్చిందనుకోండి. తేడా 0.6, అంటే 60 శాతం మద్దతు. నాలుగింటితోనూ ఏకీభవిస్తాననో, ఒక్కదానితోనూ ఏకీభవించననో అంటే తప్ప ఏ ఒక్కరి జవాబూ ఎవరికీ తెలియదు. సూటిగా అడిగిన సర్వేలో అంతకంటే ఎక్కువ వస్తే, ఆ ఎక్కువని భయానికి గుర్తుగా చూడొచ్చు. లోపం ఏమిటంటే ఈ పద్ధతిలో దోష పరిధి బాగా పెరుగుతుంది, వెయ్యి మందితో అయ్యే పని కాదు.

అభిప్రాయాలు ఎంత త్వరగా మారతాయో తెలియాలంటే ఫిన్లాండ్ చూడాలి. అమెరికా, ఐరోపా దేశాల సైనిక కూటమి నాటోలో చేరాలా అన్న ప్రశ్నకి దశాబ్దాల పాటు అక్కడ మద్దతు తక్కువే. 2022 ఫిబ్రవరి 24న రష్యా యుక్రెయిన్ మీదికి వెళ్లింది. ఆ నెలాఖరులో ఫిన్లాండ్ ప్రసార సంస్థ వైఎల్‌ఈ సర్వేలో మద్దతు 53 శాతం, మే నాటికి 76. 2023 ఏప్రిల్ 4న ఆ దేశం నాటోలో చేరిపోయింది. ఇలా నిలబడే మార్పులు అరుదు. ఎక్కువసార్లు ఒక దాడి తర్వాత అంకె పైకి లేచి, వార్త పాతబడ్డాక పాత చోటు వైపు జారుతుంది. ఒకే అంకె చూసి ఇది ఏ రకమో చెప్పలేం, మూడు నాలుగు సర్వేలు వరసగా కావాలి.

మొత్తం అంకె లోపల ఏముందో కూడా చూడండి. 2022 ప్యూ సర్వేలో వాతావరణ మార్పు పెద్ద ముప్పు అన్న అమెరికన్లు 54 శాతం. విడదీస్తే డెమోక్రాట్లవైపు 78, రిపబ్లికన్లవైపు 23. 54 శాతం "సగటు అమెరికన్" అన్న మనిషి అక్కడ ఎక్కడా లేడు.

మీరే చూసుకోవాలంటే ఇలా చేయండి. నివేదిక పేజీలో "టాప్‌లైన్" అనే ఫైలు ఉంటుంది. అందులో ప్రశ్న అక్షరం పొల్లుపోకుండా, పాత ఏళ్ల అంకెలతో, "తెలియదు" గడితో సహా ఉంటుంది. సర్వే ఎలా చేశారో చెప్పే మెథడాలజీ పేజీలో దేశం వారీగా తేదీలు, శాంపిల్, భాషలు, వదిలేసిన ప్రాంతాలు ఉంటాయి. అయిదు నిమిషాల పని. అసలు డేటా కూడా ప్యూ కొంతకాలం తర్వాత ఉచితంగా పెడుతుంది, ఖాతా తెరిస్తే చాలు. పీఎస్‌పీపీ, ఆర్ అనే ఉచిత గణాంక సాఫ్ట్‌వేర్లలో దేనిలోనైనా తెరవొచ్చు. తెరిచి కూడితే మీ అంకె నివేదికలోని అంకెతో రెండు మూడు పాయింట్లు తేడా రావచ్చు. అలా వస్తే ఎవరో మోసం చేశారనుకునే ముందు వెయిట్ కాలమ్ ఆన్ చేశారో లేదో చూసుకోండి, చాలాసార్లు పొరపాటు అక్కడే ఉంటుంది.